సన్యాసి పీతకు తగిన యిల్లు

అమెరికా సముద్రతీరపు అంగళ్లలో పిల్లలు ముచ్చటపడి కొనిపించుకొను సన్యాసి పీతలు సామాన్యముగా కారిబియను తీరములందు పట్టి తెచ్చినవి. ఇవి నేలపై తిరిగినను మొప్పలతోనే యూపిరి తీయును. గాలిలో తేమ తగ్గినచో మెల్లమెల్లగా నూపిరాడక చచ్చును. కావున తీగెల పంజరమున నివి చిరకాలము బ్రదుకజాలవు.

మూతగల గాజుతొట్టిలో, 5 పాళ్లు ఇసుకకు 1 పాలు కొబ్బరిపొట్టు కలిపి తడిపి, కనీసము 6 అంగుళముల మందమున పఱవవలెను. తేమ నూటికి 80 వంతులును, వేడిమి 27 డిగ్రీల సెల్సియసును ఉండవలెను. క్లోరిను తొలగించిన మంచినీ రొక గిన్నెలోను, సముద్రలవణము కలిపిన నీరు వేఱొక గిన్నెలోను ఉంచి, యెక్కివచ్చుటకు రాళ్లు పేర్చవలెను. వంటయుప్పు పనికిరాదు. రంగు వేయని ఖాళీ గుల్లలు, కొంచెము పెద్దవి, నాలుగైదు ఉంచుడు.

పీత యిసుకలో దూరి వారములు, మాసములు కనబడకున్నను త్రవ్వరాదు. అది మేనిపై పాతపెంకు విడిచి క్రొత్తది పొందు సమయము. అప్పుడు కదల్చినచో మరణించుటయు కలదు. తీరమున స్వేచ్ఛగా 30 ఏండ్లకు పైగా బ్రదుకగల ప్రాణి యిది. ఇంత శ్రద్ధకు తీరికలేని యిల్లాలు పిల్లలకు నచ్చజెప్పి కొనకుండుటయే దయ.