మంట కాదు, కక్ష్య చూద్దాం

శ్రీహరికోటలో రాకెట్ లేచినప్పుడు మంటను, మోతను చూసి మనం చప్పట్లు కొడతాం. శాస్త్రవేత్తలు మాత్రం ఉపగ్రహం కక్ష్యలో కుదిరాకే ఊపిరి పీల్చుకుంటారు. 1979 ఆగస్టులో తొలి ఎస్‌ఎల్‌వి-3 ఎగిరి సముద్రంలో పడింది. 1980 జూలైలో రెండోది రోహిణిని కక్ష్యలో నిలిపింది. కొత్త నాయకులనూ మనం ఇలాగే చూడాలి.

తెలుగువారికి ఈ ఆశ కొత్త కాదు. 1982 మార్చిలో పార్టీ పెట్టిన ఎన్టీ రామారావు తొమ్మిది నెలల్లో ముఖ్యమంత్రి అయ్యారు, రెండు రూపాయలకే కిలో బియ్యం ఇచ్చారు. 1989లో అదే ప్రజలు ఓడించారు. చిరంజీవి 2008లో ప్రజారాజ్యం స్థాపించారు. మరుసటి ఏడాది 294 స్థానాల్లో 18 దక్కాయి, 2011లో పార్టీ కాంగ్రెస్‌లో కలిసిపోయింది. 2019లో ఒక్క స్థానమే గెలిచిన పవన్ కల్యాణ్ జనసేన, 2024లో పోటీచేసిన 21 అసెంబ్లీ స్థానాలూ గెలిచింది. నేడు ఉపముఖ్యమంత్రిగా పంచాయతీరాజ్, అటవీ శాఖలు ఆయన చేతిలో ఉన్నాయి.

ఓటమిలోనూ నిలబడిన ఓర్పును గౌరవిద్దాం. అయితే సభకు వచ్చిన జనం కొలత కాదు. పులికాట్ ముఖద్వారంలో పూడిక తీశారా? యానాదుల కాలనీకి తాగునీరు వచ్చిందా? గ్రామసభలో అడిగినవారికి జవాబు దొరికిందా? కొలత అదే.

ఇశ్రాయేలీయులు సౌలు ఎత్తు చూసి మురిసిపోయారు. రాజు ఏమేమి తీసుకుంటాడో సమూయేలు ముందే హెచ్చరించాడు. అధికారుల కొరకు ప్రార్థించమని మనకు ఆజ్ఞ ఉంది, పూజించమని లేదు. కాబట్టి ఆదివారం ప్రార్థిద్దాం. గ్రామసభ రోజున వెళ్లి అడుగుదాం.