హనుమంతుడికి సీటు సరే, ప్రేక్షకుడికి నోరేదీ?

‘ఆదిపురుష్’ విడుదలైన 2023 జూన్ 16న ప్రతి థియేటర్లోనూ ఒక సీటును హనుమంతుడి కోసం ఖాళీగా ఉంచాలని చిత్రబృందం ప్రకటించింది. విశ్వాసం పట్ల గౌరవమని దానికి ప్రచారం దక్కింది. ఆ ఖాళీ సీటుతోనే టికెట్ కొన్నవాడి హోదా మారిపోయింది. మంచిచెడ్డలు చెప్పవలసిన ప్రేక్షకుడు చేతులు జోడించవలసిన భక్తుడయ్యాడు. గుడిలో ప్రసాదానికి వంక పెట్టేవారెవరు?

అయినా ప్రేక్షకులు మాట్లాడారు. ప్రభాస్‌ను రాముడిగా చూసి మురిసినవారున్నారు. పిల్లలను వెంటబెట్టుకెళ్లి త్రీడీ దృశ్యాలకు సంబరపడినవారున్నారు. వందల కోట్లు పోసి కట్టిన లంక బొగ్గుకుప్పలా ఉందేమిటన్నవారు, రావణుడికి పుష్పకం బదులు గబ్బిలమెందుకన్నవారు, హనుమంతుడి నోట బజారు మాటలు విని నొచ్చుకున్నవారు కూడా ఉన్నారు. ఎన్టీఆర్ ‘లవకుశ’, బాపు ‘సంపూర్ణ రామాయణం’ చూసి పెరిగిన తెలుగు ఇళ్లలో పోలిక మరింత పదునెక్కింది. ఇదంతా ఆరోగ్యకరమైన విమర్శే.

ఆ విమర్శకు చోటు లేకుండా చేసినవారు వేరు. 2022 అక్టోబరులో అయోధ్యలో టీజర్ విడుదల కాగానే, హనుమంతుడి తోలు దుస్తులు తొలగించకుంటే చట్టపరమైన చర్య తప్పదని అప్పటి మధ్యప్రదేశ్ హోంమంత్రి నరోత్తమ్ మిశ్రా హెచ్చరించారు. ప్రేక్షకుడికంటే ముందే ప్రభుత్వం తీర్పరి అయింది. విడుదల రోజున హైదరాబాద్‌లో సినిమా బాగోలేదన్న వ్యక్తిపై అభిమానులు చేయి చేసుకున్నారు. నిషేధించాలన్న డిమాండ్లు వెల్లువెత్తాయి. ఒక మతస్థుల సహనాన్ని ఎందుకు పరీక్షిస్తున్నారని అలహాబాద్ హైకోర్టు ప్రశ్నించింది. సీత భారత పుత్రిక అన్న ఒక్క మాటపై అప్పటి కాఠ్మాండూ మేయర్ బాలేన్ షా నగరంలో భారతీయ చిత్రాలన్నింటినీ ఆపించారు. పాటన్ హైకోర్టు జోక్యం చేసుకోవలసి వచ్చింది.

మరి భక్తుడి మనసు నొచ్చుకోవడానికి విలువ లేదా? తప్పక ఉంది. భక్తిని ప్రచార సామగ్రిగా వాడుకున్న నిర్మాతలకు ఆ ఆగ్రహంపై ఫిర్యాదు చేసే నైతిక హక్కు కూడా లేదు. కానీ నొచ్చుకున్న భక్తుడి మాటకు ఎంత విలువో, మురిసిన అభిమాని మాటకూ, విసిగిన ప్రేక్షకుడి మాటకూ అంతే విలువ. ఒకరి నొప్పి అందరికీ తాళం వేసే అధికారం కాజాలదు. ధ్రువీకరణ పొందిన చిత్రంపై అప్పీళ్లు వినే పీఠాలుగా కోర్టులు మారరాదని 2023 జూలైలో సుప్రీంకోర్టు చెప్పినదాని సారం ఇదే.

అసలు సినిమాను దిద్దింది ఎవరు? టీజర్‌ను జనం ఎగతాళి చేశాక, 2023 జనవరిలో రావలసిన చిత్రం గ్రాఫిక్స్ సవరణకు జూన్‌కు వాయిదా పడింది. విడుదలైన రెండో రోజు తర్వాతే సంభాషణలు మారుస్తామని నిర్మాతలు ప్రకటించారు. సోమవారానికి వసూళ్లు కుప్పకూలాయి. దేశంలో ఏ నిషేధమూ, ఏ తీర్పూ రాకముందే ప్రేక్షకుడి నోరు చేసిన పని ఇది.

దేవుడి పేరిట వంగమనేవారూ, దేవుడి పేరిటే నిషేధించమనేవారూ భయపడేది ఆ నోటికే. హనుమంతుడికి ఒక సీటు ఇవ్వండి, కాదనేవారు లేరు. మిగిలిన సీట్లన్నీ డబ్బు పెట్టి కొన్నవారివి. వారి మాట మాత్రం వారికే వదిలేయాలి.