ఆంగ్లవ్యాకరణము – మన తెలివి

ఆంగ్లవ్యాకరణ ప్రశ్నపత్రమును జూచి మన విద్యార్థులు వెఱచుచున్నారు. దీనికి కారణము తెలివి చాలకపోవుట గాదు. వాక్యమును సూత్రముతోనే కొలిచి, యర్థముతో గొలుచుట మఱచుటయని మా యభిప్రాయము.

“ఏలూరి యుల్లిధర తాడేపల్లిగూడెముకంటె హెచ్చు” అని వ్రాసినచో, ధరను ఊరితో బోల్చినట్లగును. “తాడేపల్లిగూడెములోని ధరకంటె” అన్నచో వాక్యము కుదుటబడును. ఆంగ్లమున ధర అను మాటకు మాఱుగా ‘దట్’ అను మాట నిలిచి యీ పనియే చేయును.

“కొల్లేరు ఆంధ్రప్రదేశమందలి యే మంచినీటి సరస్సుకంటెను పెద్దది” అనిన నదియు దోషమే. కొల్లేరును ఆ ప్రదేశములోనిదే కదా! అది తనకంటె తాను పెద్దది యగునా? “మఱి యే సరస్సుకంటెను” అనవలెను. ఆంగ్లమున ‘అదర్’ అను మాట యిందులకే.

“బాలుడు పడవ నడపుటయు, వల వేయుటయు, ఈతయు నేర్చెను” అనిన వాక్యము కుంటును. “ఈదుటయు” అన్నచో మూడును సమముగా నడచును. ‘టు రో, టు ఫిష్, అండ్ స్విమ్మింగ్’ అనుటలోని కుంటుదన మిట్టిదే.

తెలుగును దెచ్చిన నాంగ్లము చెడునని కొంద ఱందురు. మాటల రూపము నాంగ్లమునుండియే నేర్వవలయును, నిజమే. కాని దేనిని దేనితో బోల్చుచున్నామో తెలుపునది మన యాలోచనయే. ఆలోచన మాతృభాషలోనే మొదలగును.

2023లో వెలువడిన జీమ్యాట్ పరీక్షయొక్క క్రొత్త రూపమున వాక్యసవరణ ప్రశ్నలు లేవు. ప్రశ్నలు పోవచ్చును, సరిగా బోల్చవలసిన యవసరము పోదు. కావున విద్యార్థులారా! జవాబు గుర్తించుటకు ముందు వాక్యము నొకసారి తెలుగున జెప్పుకొని చూడుడు.