కూర్మయానం

హరిశ్చంద్రపురం, కోటబొమ్మాళి, నౌపడా, పలాసల మీదుగా సాగే హౌరా–చెన్నై రైలుమార్గానికి తూర్పున ఉద్దానపు కొబ్బరితోటలు, జీడితోటలు. వాటిని దాటితే బంగాళాఖాతం. టెక్కలి సమీపంలోని తేలినీలాపురానికి ఏటా వలస వచ్చే పెలికాన్ పక్షులను, ఎర్రకాళ్ల కొంగలను అక్కడి ప్రజలు ఇంటికి వచ్చిన చుట్టాలవలె ఆదరిస్తారు. వాటి రాకను శుభసూచకంగా భావిస్తారు. అయితే పట్టపగలు చెట్లకొమ్మలపై కనిపించే అతిథికి దక్కిన ఈ ఆదరం, చీకటిలో ఇసుకతిన్నెపైకి వచ్చి తెల్లవారకముందే వెళ్లిపోయే మరొక అతిథికి పూర్తిగా దక్కలేదు. ఆ అతిథి ఆలివ్ రిడ్లే జాతికి చెందిన సముద్రపు తాబేలు.

నిజానికి శ్రీకాకుళం జిల్లాకు కూర్మం కొత్తది కాదు. విష్ణువు కూర్మరూపంలో మూలవిరాట్టుగా పూజలందుకునే అరుదైన క్షేత్రం శ్రీకూర్మం ఈ జిల్లాలోనే, సముద్రానికి చేరువలో ఉన్నది. పాలకడలిని చిలికే వేళ మందరగిరిని వీపున మోసిన ఆ ఆదికూర్మం కథ తెలియని తెలుగు ఇల్లు ఉండదు. భగవద్గీత స్థితప్రజ్ఞుని, అవయవాలను లోనికి ముడుచుకునే తాబేలుతో పోల్చింది. ఆ ఉపమానానికి మూలం నేలతాబేలో మంచినీటి తాబేలో అయి ఉండాలి. ఎందుకంటే సముద్రపు తాబేలు తన తలను గాని, తెడ్లవంటి కాళ్లను గాని చిప్పలోనికి ముడుచుకోలేదు. ఈదడానికే మలచిన దేహం అది. ఆపద ఎదురైతే దానికి ఈదిపోవడం ఒక్కటే మార్గం. వలలో చిక్కితే ఆ ఒక్క మార్గం కూడా మూసుకుపోతుంది.

జనవరి మొదలుకొని మార్చి, ఏప్రిల్ నెలల వరకు ఆడ తాబేళ్లు రాత్రివేళ తీరానికి వస్తాయి. సుమారు రెండడుగుల పొడవు, ముప్పై అయిదు నుండి యాభై కిలోల బరువు గల ఈ ప్రాణి వెనుకకాళ్లతో కూజావంటి గోతిని తవ్వి, వందకు అటూ ఇటూగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, కడలిలోనికి మరలిపోతుంది. ఆపై పొదిగే తల్లి ఇసుకే. నలభై అయిదు నుండి అరవై రోజులలో పిల్లలు పైకి వస్తాయి. పుట్టబోయేది ఆడదో మగదో నిర్ణయించేది కూడా ఆ ఇసుక వేడిమే. వేడి ఎక్కువైతే ఆడపిల్లలు, తగ్గితే మగపిల్లలు. గుడ్డు వీడిన పిల్లలు తక్కువ ఎత్తున వెలుగు కనిపించిన దిక్కుకు పరుగిడతాయి. ప్రకృతిలో ఆ వెలుగు సముద్రపుటంచునే ఉంటుంది. ఒడ్డున దీపస్తంభాలు నిలిపినచోట అవి దారి తప్పి రోడ్డుపైకి వచ్చి మరణిస్తాయి.

ఈ ప్రాణి ఎక్కడినుండి వస్తుంది, ఎక్కడికి పోతుంది అన్నది చాలాకాలం మానవునికి తెలియలేదు. ఒడిశాలోని గహిర్మఠ తీరంలో లక్షలాది తాబేళ్లు ఒక్కసారిగా గుడ్లు పెట్టే వింత 1970లలో శాస్త్రలోకం దృష్టికి వచ్చింది. 1994లో రుషికుల్యా నదీముఖం వద్ద అటువంటి తీరమే మరొకటి బయటపడింది. అది ఇచ్ఛాపురానికి వంద కిలోమీటర్ల లోపే ఉన్నది. 2025 ఫిబ్రవరిలో అక్కడికి దాదాపు ఏడు లక్షల తాబేళ్లు వచ్చినట్లు లెక్కించారు. 1990లలో భారత వన్యప్రాణి సంస్థ పరిశోధకులు వేలాది తాబేళ్ల ముంగాళ్లకు లోహపు బిళ్లలు తగిలించి విడిచిపెట్టారు. ఆ బిళ్లలు తర్వాత తమిళనాడు తీరంలోను, శ్రీలంకలోను దొరికాయి. 2001లో దేవీ నదీముఖం వద్ద నాలుగు తాబేళ్ల చిప్పలకు ఉపగ్రహానికి సంకేతాలు పంపే పరికరాలు అమర్చగా, వాటిలో ఒకటి శ్రీలంక దాకా సాగిపోయింది. ఒడిశానుండి దక్షిణానికి పోయే తాబేలుకు ఆంధ్రదేశపు సముద్రమే రాచబాట అని వీటివలన తేటపడింది.

అంతకంటే ఆశ్చర్యకరమైన వార్త ఇటీవలిది. 2021లో గహిర్మఠ తీరంలో భారత జంతు సర్వేక్షణ సంస్థ పరిశోధకులు బిళ్ల తగిలించిన తాబేలు ఒకటి 2025 జనవరిలో మహారాష్ట్రలోని గుహాగర్ తీరంలో గుడ్లు పెడుతూ కనిపించింది. తూర్పు తీరానికి, పడమటి తీరానికి మధ్య అది సాగించిన ప్రయాణాన్ని సుమారు 3,500 కిలోమీటర్లుగా అంచనా వేశారు. పుట్టిన తీరానికే తాబేలు తిరిగి వస్తుందన్న నమ్మకానికి ఇది ఒక సవరణ.

తూర్పునుండి పడమటికి పోయే ప్రయాణం శ్రీకాకుళం మత్స్యకారునికీ అలవాటే. ఇక్కడ తగినంత వేట లేక గుజరాత్‌లోని వేరావల్ రేవుకు వలసపోయి పరుల బోట్లలో పనిచేసేవారు ఈ జిల్లాలో వేలమంది. 2018 నవంబరులో అక్కడినుండి వేటకు వెళ్లి, పాకిస్తాన్ తీరరక్షక దళానికి చిక్కి, చెరసాలలో మగ్గి, 2020 జనవరిలో విడుదలైనవారి కథ ఎల్లరకూ తెలిసినదే. తాబేలు సంరక్షణను గురించి మాట్లాడేవారు ఈ వలసను మరచి మాట్లాడితే ఆ మాటకు తీరంలో విలువ ఉండదు.

గహిర్మఠ, రుషికుల్యలకు ఉన్న కీర్తి శ్రీకాకుళం తీరానికి లేదు. ఇక్కడ తాబేళ్లు గుంపులుగా గాక విడివిడిగా వస్తాయి. అందువలన వాటికి వార్తలలో చోటు దొరకదు. కాని ఈ తీరంలోని నదీముఖాల వద్ద, తీరవాసులు మొగ అని పిలిచే చోట్ల ఏర్పడే ఇసుకదిబ్బలు తాబేళ్లకు ముఖ్యమైన నెలవులని బసుదేవ్ త్రిపాఠి, కార్తిక్ శంకర్, బి.సి. చౌధురి ఆంధ్రతీరంపై జరిపిన సర్వేలో గుర్తించి 2003లో ప్రకటించారు. చెన్నైలో 2002లో ఏర్పడిన ట్రీ ఫౌండేషన్ అటవీశాఖతో కలిసి, స్థానిక మత్స్యకార యువకులనే కాపలాదారులుగా నిలిపి, గుడ్లను సేకరించి, కంచె కట్టిన ఇసుకమడులలో పొదిగించి, పిల్లలను కడలికి అప్పగిస్తున్నది. బారువ వంటి తీరాలలో ఆ దృశ్యాన్ని చూడడానికి జనం చేరుతున్నారు. నక్కలనుండి, కుక్కలనుండి గుడ్లను కాపాడే ఈ పని ఎంతైనా మెచ్చదగినది. అయితే అతిథుల రాకకోసం, ఛాయాచిత్రాలకోసం పిల్లలను తొట్లలో గంటల తరబడి ఆపడం మాత్రం తగదు. అలలను దాటడానికి అవి వెంట తెచ్చుకున్న బలమంతా ఆ తొట్టిలోనే కరిగిపోతుంది.

ఇక అసలు ప్రశ్న వేరే ఉన్నది. గుడ్లను కాపాడినంత మాత్రాన జాతి నిలుస్తుందా? క్రౌస్, క్రౌడర్, కాస్వెల్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు 1987లో లాగర్‌హెడ్ అనే మరొక జాతి తాబేలు విషయంలో ఈ లెక్క వేసి చూశారు. ఒక్క గుడ్డు కూడా చెడకుండా కాపాడినా, ఎదిగిన తాబేళ్లు వలలలో చస్తూ ఉంటే జాతి క్షీణించక తప్పదని వారు తేల్చారు. వేయి పిల్లలలో ఒకటి మాత్రమే పెద్దదవుతుందంటారు. ఆ ఒక్కటీ ఏళ్ల తరబడి ఎదిగి, గుడ్లతో తీరాన్ని సమీపించిన వేళ ట్రాలు వలలో చిక్కి, ఊపిరికి పైకి రాలేక మునిగి చనిపోతే, ఎన్ని పిల్లలను కడలిలో విడిచినా ఆ లోటు పూడదు. ఏటా జనవరి, ఫిబ్రవరి నెలలలో ఆంధ్రతీరానికి కొట్టుకువచ్చే కళేబరాలు చెప్పేది ఈ సంగతే. 2025 జనవరిలో చెన్నై తీరంలోను ఇటువంటి కళేబరాలు వందల సంఖ్యలో తేలాయి.

దీనికి మందు లేకపోలేదు. వల మెడభాగంలో ఏటవాలుగా ఒక లోహపు చట్రం బిగించి, దాని పక్కన ఒక ద్వారం విడిచిపెడతారు. రొయ్య చట్రపు కమ్మీల సందున వలలోనికి పోతుంది; తాబేలు కమ్మీలను తాకి ద్వారం గుండా బయటపడుతుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకు అనువుగా దీనిని రూపొందించింది. పెద్ద చేపలు కూడా ఆ ద్వారం గుండా జారిపోతాయని బోటు యజమానులు వెనుకాడుతున్నారు. వారి భయంలో కొంత నిజం లేకపోలేదు. కాని ఈ పరికరం వాడకపోవడంవల్లనే భారతదేశం సముద్రంలో పట్టిన రొయ్యలకు అమెరికా విపణి మూతపడింది. చేప జారిపోతుందని వెనుకాడినవారు విపణినే జారవిడుచుకున్నారు.

ఇందులో ఉద్దానపు చిన్న మత్స్యకారుని తప్పు ఎంత? బహు స్వల్పం. అతనిది తెప్ప లేదా చిన్న పడవ. ట్రాలర్లకు ఈ ప్రాంతంలో ప్రధానమైన రేవు విశాఖపట్టణం. 1994 నాటి రాష్ట్ర సముద్ర మత్స్యవేట నియంత్రణ చట్టం ఒడ్డుకు దగ్గరి జలాలను చిన్న పడవలకే కేటాయించినా, మరబోట్లు ఆ హద్దు దాటి వస్తే చిన్నవాని వల తెగుతుంది, తాబేలు ప్రాణం పోతుంది. ఇద్దరికీ ఆపద ఒక్కటే. ఆ హద్దును కచ్చితంగా అమలుచేస్తే తాబేలుకు తొలి మిత్రుడు మత్స్యకారుడే అవుతాడు.

మరొక లోపం కాలానికి సంబంధించినది. తూర్పుతీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు. అది చేపల సంతానోత్పత్తిని దృష్టిలో ఉంచుకొని పెట్టినది. తాబేళ్లు తీరానికి చేరే జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలలు అందులో లేవు. ఒడిశా ప్రభుత్వం గహిర్మఠ, దేవి, రుషికుల్యల వద్ద నవంబరు నుండి మే నెలాఖరు వరకు వేటను నిషేధిస్తున్నది. ఇచ్ఛాపురం వద్ద గీసిన రాష్ట్రాల సరిహద్దు తాబేలుకు తెలియదు. వంశధార, మహేంద్రతనయ మొగల ఎదుట ఆ మూడు నెలలు మరబోట్లను మాత్రమే కొంత దూరం నిలిపివేయడం అసాధ్యమైన పని కాదు. తీరం వెంట సరుగుడు నాటేటప్పుడు ఆ మొగల ఇసుకదిబ్బలను విడిచిపెట్టడం, మూలపేట రేవు దీపాలను సముద్రంవైపు కనబడకుండా మరుగుపరచడం అంతకంటే తేలిక.

నిలిపివేతకు మూల్యం ఎవరు చెల్లించాలన్నదే మిగిలిన చిక్కు. వేట నిషేధకాలపు భృతిని ఇరవై వేల రూపాయలకు పెంచిన పథకాన్ని రాష్ట్రప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో శ్రీకాకుళం జిల్లాలోని బుడగట్లపాలెంలోనే ప్రారంభించింది. తాబేళ్లకోసం కోల్పోయే రోజులకూ ఆ పద్ధతిలోనే లెక్కకట్టి, బోటు యజమానికే గాక అందులో కూలికి వెళ్లే కలాసీకి కూడా భృతి చేర్చవలసి ఉన్నది.