విమానానికి అల్లూరి పేరు, మన్యానికి డోలీ కట్టె

భోగాపురం విమానాశ్రయానికి అల్లూరి సీతారామరాజు పేరు పెట్టారు. పేరు పెట్టడానికి ఖర్చేముంది? ఆ పేరు కింద ఏ ఊళ్ళు పోయాయో కూడా చెప్పాలి కదా. మరడపాలెం, ముడసర్లపేట, బొల్లింకలపాలెం, రెల్లిపేట. చివరి పేరు మళ్ళీ చదవండి. ఊళ్ళు ఊడ్చి, పళ్ళబుట్ట నెత్తికెత్తుకుని బతికే కులం పేరది. 2015 నుంచి ఆ పల్లెలు భూములివ్వమని మొత్తుకున్నాయి. 2019లో చంద్రబాబు శంకుస్థాపన చేశాడు. 2023లో జగన్‌మోహన్ రెడ్డి మళ్ళీ చేశాడు. పొద్దున లేస్తే తిట్టుకునే రెండు పార్టీలూ ఆ ఒక్క రాయి దగ్గర కలిశాయి.

ఇదంతా కొండ జనం కోసమే అంటారు. అరకు బాగుపడుతుందట! అరకు ఎవరికి బాగుపడుతుంది? అల్లూరి పేరు మీదే 2022లో జిల్లా కూడా వచ్చింది. ఆ జిల్లా కొండల మీద నొప్పులొచ్చిన ఆడమనిషిని ఇప్పటికీ కర్రకు దుప్పటి కట్టి, డోలీలో మోసుకొస్తున్నారు. రోడ్డు దాకా చేరేలోపు దారిలోనే కాన్పయిన వార్తలు ఎన్ని చదవలేదు మనం?

ఇంకో సంగతి. 1922లో మన్యం తిరగబడటానికి ఒక కారణం రోడ్డే. గూడెం తహసీల్దారు బాస్టియన్ కొండోళ్ళ చేత రోడ్డు పని చేయించి కూలి ఎగ్గొట్టాడు. దొరకు కావలసినప్పుడు కొండమీదికి రోడ్డు పడింది. కొండోళ్ళకు కావలసినప్పుడు మాత్రం నిధుల్లేవు, అటవీ అనుమతుల్లేవు.

హవాయి చెప్పులేసుకున్నోడు విమానం ఎక్కాలని ప్రధాని 2017 ఏప్రిల్ 27న సిమ్లాలో సెలవిచ్చాడు. ఉడాన్ పథకం తొలి విమానం ఆ రోజు అక్కడే లేచింది. కడప నుంచి హైదరాబాదుకూ అదే రోజు నడిపారు. సిమ్లాలో కొండ నెత్తిన చెక్కిన రన్‌వే ఎంత పొట్టిదంటే విమానం నిండా జనాన్ని ఎక్కించుకుని లేవలేదు. సర్కారు లెక్కలు చూసే కాగ్ 2023లో చెప్పింది వినండి. ఈ పథకం కింద ఇచ్చిన 774 దారుల్లో 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్ళు పూర్తిగా నడిచినవి 112. హవాయి చెప్పులోడు ఎక్కడా కనపడడు. పోయిన భూమి మాత్రం వెనక్కి రాదు.

విమానాలే వద్దంటారా అని మనల్ని దబాయిస్తారు. వద్దనడం లేదు. డోలీ దారి తర్వాత, రన్‌వే ముందు అనే వరస ఎవడు పెట్టాడని అడుగుతున్నాం.

హబ్సిగూడ, ఉప్పల్, నాచారం బస్తీల్లో మనోళ్ళు అడుగుతున్నరు, భోగాపురం యాడ, మనం యాడ అని. మామునూరుకు 2025లో కేంద్రం అనుమతిచ్చింది. ఆదిలాబాద్, కొత్తగూడెం పేర్లు ఏళ్ళుగా నలుగుతున్నాయి. బస్తీలో ఉన్నా మనకు ఊళ్ళో ఎకరమో అరెకరమో అసైన్డు భూమి ఉంటది. సర్కారిచ్చిందే, సర్కారు తీసుకుంటది అంటాడు పట్వారీ బుద్ధి పోని అధికారి. అది అబద్ధం. ప్రజావసరానికి అసైన్డు భూమి తీసుకుంటే పట్టా భూమితో సమానంగా మార్కెట్టు ధర కట్టాల్సిందేనని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం 2004లో చేవెళ్ళ కేసులో తీర్పిచ్చింది. 2013 భూసేకరణ చట్టం ప్రకారం, భూమి లేకపోయినా మూడేళ్ళుగా అక్కడ పనిచేసి బతుకుతున్న కూలీ, కౌలుదారు కుటుంబాలు కూడా బాధితులే. ఈ మాట వాడల్లో ఎవరూ చెప్పరు. మనమే చెప్పాలి.

లావుణి పట్టా గానీ డి-ఫారం పట్టా గానీ, పాసుబుక్కు, శిస్తు రశీదులు, కూలీల ఉపాధి హామీ కార్డులు అన్నీ ఇప్పుడే జిరాక్సు తీయించి ఒక కట్ట సంఘం దగ్గర పెట్టండి. సర్వే చేసేవాడు వాడలోకి వచ్చాక వెతుక్కుంటే దొరకవు.