ప్రశ్న ఉత్పన్నం కాదట!

"సీరియల్ మానేసి అసెంబ్లీ పెట్టుకు కూర్చున్నావేంటి?" అని మావారు నవ్వుతుంటారు. నవ్వితే నవ్వనీండి. పిల్లల క్యారియర్లు సర్ది, వాళ్ళని బడికి తోలేసి, మధ్యాహ్నం కూరకి కాయలు తరుక్కునే వేళకి శాసనసభలో ప్రశ్నోత్తరాలు నడుస్తుంటాయి. సీరియల్లో అత్తగారు ఏమంటుందో, కోడలు ఎప్పుడు ఏడుస్తుందో మనకి ముందే తెలిసిపోతుంది. ఇక్కడ అప్పుడప్పుడైనా తెలియదు.

నాకీ పిచ్చి పట్టడానికి ఓ కారణం ఉంది. మాది చోడవరం. 2022 ఏప్రిల్లో విశాఖ జిల్లా లోంచి అనకాపల్లి జిల్లాలోకి వచ్చామే గానీ, ప్రాణం మీదకొస్తే ఇప్పటికీ విశాఖపట్నమే పరుగెత్తాలి. మా వీధి చివర ఇడ్లీ బండి పెట్టుకుని బతికే ఒకావిడ ఉంది. పోయినేడాది ఆవిడ కూతురికి అర్ధరాత్రి నొప్పులొచ్చాయి. దగ్గర్లో ఉన్న ఓ ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్తే ఆపరేషన్ తప్పదన్నారు. కానీ మత్తుమందు ఇచ్చే డాక్టరు లేరన్నారు. నిండు చూలాలిని అంబులెన్సులో ఎక్కించుకుని, గోతుల రోడ్డు మీద విశాఖ చేరేసరికి తల్లికి పై ప్రాణాలు పైనే పోయాయట. దేవుడి దయవల్ల బిడ్డా తల్లీ క్షేమం. ఆ తర్వాత తెలిసిందేమిటంటే, ఆసుపత్రిలో ఆ డాక్టరు పోస్టు ఖాళీగా లేదు. డాక్టరుగారు ఉన్నారు, జీతమూ అందుకుంటున్నారు. కాకపోతే డిప్యుటేషన్ మీద వేరే ఊళ్ళో పనిచేస్తున్నారు!

"కాయితం మీదున్న డాక్టరు నా కూతురికేటి సేస్తాడమ్మా? ఇది ఎవుల్నడగాలి?" అంది ఆవిడ.

డిగ్రీ చదివాను, కథలు రాస్తాను, అయినా చప్పున జవాబు చెప్పలేకపోయాను. అడగవలసినాయన్ని ఓటేసి పంపిందీ మనమే, ఆయన అక్కడ ఏమడుగుతున్నాడో చూడందీ మనమే అని అప్పుడు తోచింది. అప్పట్నుంచీ చూస్తున్నాను.

చట్టసభల్లో ఈ ప్రశ్నలు రెండు రకాలు. నక్షత్రం గుర్తున్నవి, లేనివి. గుర్తు లేనిదానికి కాగితం మీద జవాబిచ్చి ఊరుకుంటారు. గుర్తున్నదానికి మంత్రిగారు లేచి నిలబడి చెప్పాలి. లోక్‌సభలో రోజుకి నక్షత్రం ప్రశ్నలు 20, మిగతావి 230. ఇంతకీ ఆ చుక్క గొప్పతనమల్లా మంత్రి నిలబడ్డంలో లేదు. జవాబయ్యాక సభ్యుడు అనుబంధ ప్రశ్న వెయ్యొచ్చు. అంటే రెండో ప్రశ్న. అక్కడుంది కీలకం.

మనకిది కొత్త విద్యా ఏం? "హోంవర్క్ చేశావురా?" అంటే ఏ పిల్లాడైనా "చేశా" అనే అంటాడు. "ఏదీ, పుస్తకం పట్రా" అన్నప్పుడు కదా సంగతి బయటపడేది! పాలబ్బాయిని "నీళ్ళు కలిపావా?" అని అడిగి, వాడు లేదంటే నమ్మి గిన్నె పట్టే ఇల్లాలు ఎక్కడైనా ఉందా? మొదటి ప్రశ్నకి ఎవరూ నిజం చెప్పరని ఇల్లు నడిపే ప్రతి ఆడదానికీ తెలుసు.

మా అసెంబ్లీ ప్రశ్నల భాష విన్నారో లేదో! "ఫలానా విషయం వాస్తవమేనా? అయితే, ఎప్పటి నుంచి? ఎప్పటిలోగా సరిచేస్తారు?" అని ఎ, బి, సి లుగా ఉంటుంది. జవాబు "అవునండి" అనో, "లేదండి" అనో మొదలవుతుంది. "లేదండి" అన్నారంటే మిగతావాటికి "ప్రశ్న ఉత్పన్నం కాదు" అని తేల్చేస్తారు. ఇప్పుడు మా ఇడ్లీ బండి ఆవిడ బాధని ఇందులో పెట్టి చూడండి. "ఫలానా ఆసుపత్రిలో మత్తు డాక్టరు పోస్టు ఖాళీగా ఉన్న మాట వాస్తవమేనా?" అని అడిగితే మంత్రిగారు ఒక్క అబద్ధం కూడా ఆడకుండా "లేదండి" అనగలరు. అక్కడితో ప్రశ్న ఉత్పన్నం కాకుండా పోతుంది! ఆ రాత్రి నొప్పులు మాత్రం ఉత్పన్నమయ్యాయి మరి.

"పోస్టు నిండింది సరే, మనిషి ఎక్కడున్నాడు? ఎన్నాళ్ళై డిప్యుటేషన్? ఆయన లేని నెలల్లో ఎంతమంది గర్భిణుల్ని పై ఊళ్ళకి పంపారు?" అని లేచి అడిగే సభ్యుడుంటేనే మంత్రిగారు తడుముకుంటారు. పక్కనున్న అధికారుల చీటీ కోసం చూస్తారు. సభలో ఇచ్చిన మాటంటే ఊరికే పోయేది కాదు కూడా. మంత్రులిచ్చే హామీలు నెరవేరాయో లేదో చూడ్డానికి లోక్‌సభలో 1953 నుంచి ప్రత్యేకంగా ఓ సంఘం ఉంది. మన శాసనసభకీ అలాంటిదుంది. "పరిశీలిస్తాం" అన్న ఒక్క ముక్క కూడా అక్కడ హామీ కిందే లెక్కట. మన ఇళ్ళల్లో "చూద్దాంలే" అన్న మాటకి అలాంటి సంఘం ఉంటే ఎంత బాగుండేది!

రెండో ప్రశ్నకి ఎంత బలముందో చెప్పే పాత కథ ఒకటుంది. 1957లో ఫిరోజ్ గాంధీ లోక్‌సభలో ఎల్‌ఐసీ సొమ్ము గురించి అడిగాడు. జనం కట్టిన ప్రీమియం డబ్బు ముంద్రా అనే వ్యాపారి కంపెనీల్లోకి ఎందుకు వెళ్ళిందన్నది ఆయన ప్రశ్న. ఒక జవాబుతో సరిపెట్టుకోలేదు. తవ్వుకుంటూ పోయాడు. విచారణ జరిగింది, 1958లో ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. ఫిరోజ్ గాంధీ ప్రతిపక్షం వాడు కాడు. పాలక పక్షం సభ్యుడు, పైగా సాక్షాత్తూ ప్రధానమంత్రి నెహ్రూకి అల్లుడు. మామగారి ప్రభుత్వాన్నే నిలదీశాడంటే ఆ ఇంట్లో భోజనాల దగ్గర ఎలా ఉండేదోనని నాకెప్పుడూ అనుమానం.

ఆ కథ ఎందుకెత్తానంటే, మన సభలో అడిగేవాళ్ళ కుర్చీలు ఖాళీ అయిపోతున్నాయి. 2017 నవంబరు నుంచి అప్పటి ప్రతిపక్షం వైఎస్సార్ కాంగ్రెస్ సభని బహిష్కరించింది. 2021 నవంబరులో అప్పటి ప్రతిపక్ష నేత చంద్రబాబునాయుడుగారు మళ్ళీ ముఖ్యమంత్రిగానే వస్తానని సభలోంచి వెళ్ళిపోయారు. 2024 ఎన్నికల్లో 175 స్థానాల్లో 11 దక్కించుకున్న వైఎస్సార్ కాంగ్రెస్ ప్రతిపక్ష హోదా ఇవ్వలేదని చాలావరకు సభకి దూరంగానే ఉంటూ వచ్చింది. ఏ పార్టీ కారణాలు ఆ పార్టీకి ఉంటాయి, అవమానాలూ జరిగే ఉంటాయి. కాదనను. కానీ అత్తగారు మాటందని కోడలు పొయ్యి వెలిగించడం మానేస్తే పస్తులుండేది పిల్లలు. అలిగినవాళ్ళు బయట మైకు ముందు ఎంత గట్టిగా మాట్లాడినా మంత్రి జవాబు చెప్పి తీరాలన్న నియమం లేదు. సభలో ఉంది.

లోపలున్నవాళ్ళంతా అడిగేస్తున్నారా అంటే అదీ లేదు. పాలక పక్షం సభ్యుల్లో కొందరు గట్టిగానే అడుగుతారు, ఏమాటకామాటే చెప్పుకోవాలి. కొందరి ప్రశ్న మాత్రం మంత్రిగారికి వేసే హారతిలా ఉంటుంది. ఢిల్లీ సంగతీ గొప్పగా లేదు. 2009 నవంబరులో ఒకరోజు ప్రశ్నలిచ్చిన సభ్యులే బోలెడుమంది రాకపోవడంతో లోక్‌సభలో ప్రశ్నోత్తరాలు మధ్యలోనే ఆగిపోయాయి. 2005 డిసెంబరులో అయితే ప్రశ్నలడగడానికి డబ్బు పుచ్చుకున్నారని 11 మంది ఎంపీలని బయటికి పంపారు. ఒక్క ప్రశ్నకి డబ్బు పోసేవాళ్ళున్నారంటే దానికి ఎంత విలువుందో చూడండి. మనం దాన్ని అడక్కుండా వదిలేస్తున్నాం!

మా ఊరి వరకు చూస్తేనే అడగడానికి ఎన్ని లేవు? గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి చెరకు తోలి బకాయిల కోసం రోడ్డెక్కిన రైతుల ఇళ్ళల్లో ఆడవాళ్ళ మెడలోవి ఏ తాకట్టు కొట్టుకి వెళ్ళాయో ఎవరైనా లెక్కేశారా? రైవాడ నీళ్ళలో విశాఖకెంత, పొలాలకెంత? భీమిలి – నర్సీపట్నం రోడ్డు ఏటేటా ఎందుకు గోతులమయమవుతుంది? ఇవన్నీ "వాస్తవమేనా?" అని మొదలెట్టదగ్గవే. కాకపోతే ఆ డిప్యుటేషన్ సంగతి లాంటి అసలు కీలకం సభ్యుడికి తెలియదు. ఇడ్లీ బండి ఆవిడకి తెలుసు. ఆవిడ చెప్పకపోతే ఆయన రెండో ప్రశ్న ఎక్కణ్ణించి తెస్తాడు?

మనం నేరుగా అడగలేమా అంటారేమో. అడగొచ్చు. 2005లో వచ్చినప్పుడు సమాచార హక్కు చట్టంలో ఓ మంచి వాక్యం ఉండేది. శాసనసభకి ఇవ్వననడానికి వీల్లేని సమాచారాన్ని ఏ వ్యక్తికీ ఇవ్వననకూడదట. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో అయితే రుసుమే లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి. నేనే రాసిపెట్టాను, ఇడ్లీ బండి ఆవిడ సంతకం చేసింది. జవాబొచ్చింది. పోస్టు భర్తీ అయి ఉందని! కాగితాన్ని ఎదురు ప్రశ్న వెయ్యలేం కదా. అప్పీలంటూ తిరగాలి, ఆవిడకి బండి మూస్తే ఆ రోజు కూలి పోయినట్టే.

అందుకని ఆ జవాబు నకలు జతచేసి, మా ఎమ్మెల్యేగారికి ఓ ఉత్తరం తయారుచేశాం. "పోస్టు గురించి వద్దండి, మనిషి గురించి అడగండి" అని మొదటి వాక్యంలోనే రాశాను. అనుబంధ ప్రశ్నలు మూడూ కింద విడిగా రాసిచ్చాం. వాళ్ళ ఆఫీసులో ఉన్నబ్బాయి చదివి, "ఇలా ఎవరూ రాసివ్వరండీ" అంటూ తీసుకున్నాడు. అందినట్టు ముద్ర వేయించుకునేదాకా మా ఆవిడ అక్కణ్ణించి కదల్లేదు.

సమావేశాలు మొదలైతే చెప్పమంది. బండి కాసేపు మనవడి మీద వదిలేసి వస్తుందట. టీవీ ముందు ఇంకో పీట వెయ్యాలి.