గిటారుమీద మొదట ఏ పాట?



ఈ నెల మా ఇంటి సంగతితోనే మొదలుపెడతాను. మా మేనల్లుడు హైదరాబాదు హైటెక్ సిటీలో ఉద్యోగం చేస్తున్నాడు. ఉండేది కొండాపూర్‌లో ఒక హాస్టలు. సొంత ఊరు పాలకొల్లు దగ్గర చిన్న పల్లె. వాడి నాన్న, అనగా మా బావగారు, ముప్పై ఏండ్లపాటు ఆ ఊరి సంఘములో హార్మోనియం వాయించారు. రెండేళ్ళ క్రిందట పక్షవాతం వచ్చి ఎడమ చేయి పడిపోయింది. మాట బాగానే ఉంది, కుడి చేయి బాగానే ఆడుతుంది. కాని గాలి కొట్టే చేయి లేకపోతే హార్మోనియం వట్టి కొయ్యపెట్టే గదా! అప్పటినుండి అది గుడ్డ కప్పుకొని మందిరములో ఒక మూల కూర్చుంది. ఆదివారము పాటలు ఒక్క తబలాతోనే నడుస్తున్నాయి. బావగారు ముందు వరుసలో కూర్చోవడం మానేసి వెనుక బల్లకు వెళ్ళిపోయారు.

పిల్లవాడికి అది మనస్సులో ఉంది. నిరుడు జూన్‌లో ఎనిమిది వేలు పెట్టి గిటారు కొన్నాడు. క్రిస్మసుకు ఊరు వెళ్ళి నాన్న ఎదుట వాయించాలని వాడి కోరిక. సెప్టెంబరులో నేను పనిమీద వెళ్ళి వాడి గదిలో దిగితే ఆ గిటారు మంచం క్రింద సంచిలో ఉంది.

"అమ్మేస్తాను మామయ్యా, సగం ధర వచ్చినా చాలు. నా వేళ్ళకు అది రాదు" అన్నాడు.

"ఇంతకూ ఏం వాయిస్తున్నావురా?" అని అడిగితే ఫోనులో చూపించాడు. ఎవరో విదేశీయుడు ఎలక్ట్రిక్ గిటారుమీద పన్నెండో మెట్టు దాటిన తరువాత తీగలను వంచుతూ, లెక్కపెట్టలేనంత వేగంగా వాయిస్తున్నాడు. ఈత రానివాణ్ణి తీసుకువెళ్ళి వరద గోదావరిలో దింపినట్లుంది! తప్పు వేళ్ళది కాదు, పాటను ఎంచుకోవడంలో ఉంది.

గిటారు సోలో అంటే వేగమే అని మన యౌవనస్థులు చాలామంది అనుకుంటున్నారు. కాదు. అన్ని తీగలను కలిపి మీటుతూ పాటకు తోడు వాయించడం ఒక పద్ధతి. పాట వరుసనే ఒక్కొక్క స్వరముగా పలికించడం సోలో. మన బావగారు హార్మోనియం కుడిచేత్తో ముప్పై ఏండ్లు చేసింది అదే. నేను వాడికి చెప్పింది ఒక్కటే: "నీ నోటికి వచ్చిన పాటే నీ వేళ్ళకు వస్తుంది. నువ్వు పాడలేనిదాన్ని వాయించబోకు."

ఇది నేను కల్పించిన మాట కాదు. మాండలిన్ శ్రీనివాస్ గారు (1969–2014) పుట్టింది మా పాలకొల్లులోనే. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం తెలియదు. ఆయన పాడేవారు, పిల్లవాడు ఆ పాడిన దానిని తీగలమీద వెదికి పట్టుకొనేవాడు. నోటినుండి చెవికి, చెవినుండి వేలికి. గిటారు తెలియని తండ్రి కూడా గిటారు నేర్పవచ్చునని నాకు అప్పుడు తట్టింది. ఆ రాత్రే బావగారికి ఫోను కలిపాము. మొదట ఆయన "నాకేం తెలుసురా ఆ డబ్బా సంగతి!" అని విసుక్కున్నారు. "తెలియనక్కరలేదు బావగారూ, మీరు స్వరము పాడండి" అన్నాను.

ఇక పాటలు. మొదటిది బీథోవెన్ తొమ్మిదవ సింఫనీలోని ఆనందగీతం వరుస. ఆ సింఫనీ 1824లో వియన్నాలో మొదటిసారి వినిపించింది. 1907లో హెన్రీ వాన్ డైక్ ఆ వరుసకు ఇంగ్లీషులో కీర్తన వ్రాశాడు గనుక అది మందిరములకూ వచ్చింది. దీన్ని మొదట పెట్టడానికి కారణం ఉంది. వరుస దాదాపు అంతా ప్రక్క ప్రక్క స్వరాల మీదనే మెట్లు ఎక్కి దిగినట్లు నడుస్తుంది, గెంతులు తక్కువ. ఒకటవ శ్రుతిలో, అనగా వాళ్ళ 'సి'లో పెట్టుకుంటే, షడ్జమము రెండో తీగ మొదటి మెట్టు. రిషభము అదే తీగ మూడో మెట్టు. గాంధారము మొదటి తీగ, ఏమీ నొక్కకుండా. మధ్యమము ఆ తీగ మొదటి మెట్టు, పంచమము మూడో మెట్టు. అంతే! మధ్యలో ఒక్కచోట మాత్రం క్రింది పంచమానికి దిగుతుంది, అది మూడో తీగ, నొక్కనక్కరలేదు. మొదటి మెట్టుకు చూపుడు వేలు, మూడో మెట్టుకు ఉంగరపు వేలు వాడాలి. (సన్నటి తీగను మొదటిదిగా లెక్కపెట్టాలి. చాలామంది ఇక్కడే తికమకపడతారు.)

రెండవది ఎమేజింగ్ గ్రేస్. దాని మాటలు బానిసల ఓడకు ఒకప్పుడు నాయకుడైన జాన్ న్యూటన్ వ్రాయగా 1779లో అచ్చయ్యాయి. ఇప్పుడు మనం పాడే వరుసను ఆ మాటలకు 1835లో అమెరికాలో విలియం వాకర్ జతచేశాడు. ఆ వరుసలో ఉన్నవి ఐదు స్వరాలే: స రి గ ప ద. ఇది విని మా బావగారు ఫోనులో పెద్దగా నవ్వారు. "అది మన మోహనమేరా!" అన్నారు. నిజమే, అవి మోహన రాగపు స్వరాలే. ఐదవ శ్రుతిలో వాయిస్తే రెండో తీగ, మూడో తీగ, నాలుగో తీగ ఉత్తగా మీటితేనే మూడు స్వరాలు పలుకుతాయి. మిగిలిన వాటికి రెండో మెట్టు, మూడో మెట్టు చాలు. మొదటి మెట్టుతో పనే లేదు.

సైలెంట్ నైట్‌ను వాడు మొదటనే వాయిస్తానన్నాడు. నేను ఆపాను. ఆ పాట గిటారుతోనే పుట్టింది. ఆస్ట్రియాలో ఓబర్న్‌డార్ఫ్ అనే ఊళ్ళో 1818 క్రిస్మస్ ముందు రాత్రి, మాటలు వ్రాసిన జోసెఫ్ మోర్ తానే గిటారు వాయించగా, వరుస కట్టిన ఫ్రాంజ్ గ్రూబర్‌తో కలిసి పాడాడు. (ఎలుకలు ఆర్గన్ కొరికాయన్న కథ తరువాతి వారు అల్లినది.) కాని ఆ వరుస నెమ్మదైనదే గాని పొడవైనది. అడుగు స్వరమునుండి పై స్వరము వరకు లెక్కపెడితే పదకొండు స్వరాలు. అనగా ఐదో తీగ మూడో మెట్టు నుండి మొదటి తీగ మొదటి మెట్టు వరకు చేయి వెళ్ళాలి. మొదటి రెండు పాటలు వచ్చిన తరువాతనే దీన్ని పట్టాలి.

మన కీర్తనలు వాయించకూడదా అని మీరు అడుగుతారు. తప్పక వాయించాలి. పురుషోత్తమ చౌదరి గారి (1803–1890) కాలమునుండి మనకు వస్తున్న కీర్తనలకు మన రాగాలే ఆధారం. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము తీయండి, పాట పైన రాగము, తాళము అచ్చువేసి ఉంటాయి. శంకరాభరణము అని ఉన్నవాటిని ముందు ఎంచుకోండి. అది పాశ్చాత్యుల మేజర్ స్కేలు ఒక్కటే గనుక గిటారు మెట్లమీద చక్కగా కూర్చుంటుంది. తోడి, భైరవి అని ఉంటే మాత్రం కొంతకాలం ఆగండి. వాటి ప్రాణమంతా గమకాల్లో ఉంది. తీగను వంచడం, జార్చడం రానిదే అవి గిటారుమీద వెలవెలబోతాయి. మీ సంఘము ఒకటిన్నర శ్రుతిలో పాడితే మొదటి మెట్టుకు కేపో బిగించండి. వేళ్ళ చోట్లు ఏమీ మారవు.

వేళ్ళ నొప్పి గురించి తల్లులు కంగారుపడతారు. రోజుకు పదిహేను నిమిషాలు చాలు, కొన్ని వారాలలో చర్మం గట్టిపడుతుంది. మెట్టుమీద కాక దానికి కొంచెం వెనుక నొక్కితే తక్కువ బలం సరిపోతుంది. తీగలు మరీ ఎత్తుగా ఉంటే కొన్న అంగడిలోనే దింపించుకోవాలి.

హాస్టలులో వేరే చిక్కు. అమెరికా వేళల ప్రకారం రాత్రి పనిచేసి వచ్చిన పిల్లలు పగలంతా నిద్రపోతారు. సెలవు రోజు మధ్యాహ్నం వీడు తీగ మీటితే ప్రక్క మంచం నుండి దిండు వచ్చి పడేది! తీగలు బిగించిన వంతెన దగ్గర వాటి క్రింద చేతిరుమాలు మడిచి దూర్చమన్నాను. శబ్దం బాగా తగ్గుతుంది, వేళ్ళ సాధన ఆగదు.

అప్పటినుండి రోజూ రాత్రి తొమ్మిదిన్నరకు ఫోను. అక్కడ మంచంమీద పడుకొని బావగారు ఒక్కొక్క ముక్క స్వరము పాడతారు, ఇక్కడ వీడు వెదుకుతాడు. "కాదు, ఇంకొక మెట్టు క్రింద." "తాళం పరుగెత్తుతోంది, ఆపు." మొదటి పాటకు మూడు వారాలు, రెండవదానికి అక్టోబరంతా పట్టింది. భోజనం వడ్డించినా లేవడం లేదని అక్కయ్య నాకు ఫోను చేసి ఫిర్యాదు చేసింది. అయితే ఆ గొంతులో కోపం లేదు.

క్రిస్మస్ ఉదయం మందిరములో నేనూ ఉన్నాను. సైలెంట్ నైట్ ఒకసారి వీడు ఒక్కడే వాయించాలి, తరువాత సంఘము అందుకోవాలి. బావగారు చాలా రోజుల తరువాత ముందు వరుసలో కూర్చుని కుడిచేత్తో మోకాలిమీద తాళం వేస్తున్నారు. చివరి భాగములో వరుస అన్నిటికన్న పైకి ఎక్కేచోట వీడి వేలు జారింది. తీగ టక్కుమంది. మందిరము నిశ్శబ్దం. బావగారు కూర్చున్నచోటనే ఆ స్వరము పాడారు, వీడు అందుకొన్నాడు, సంఘమంతా అక్కడినుండే కలిసింది.

ఈస్టరుకు ఏ పాటని ఇప్పుడు బావగారే నన్ను అడుగుతున్నారు. శంకరాభరణములో, మరీ పైకి పోని వరుస ఒకటి చూస్తున్నాము.